చెప్పులు కుట్టిన బీర్ దొర, మా నాయన ఆరె



రెండు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోను చేసి అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రాయబుద్ధి కాలేదు, అంతే. మాలో అయ్యగారు చెప్తుంటే అమ్మగారు ఫోనులో టైపు చేస్తారని మీకు తెలిసిందే. ఈ రెండు వారాలు ఇద్దరి మధ్య ఒక కాగితం గురించి మాట నడిచింది. ఆ మాట తెగకుండా ఇంకొకటి రాయడం మా వల్ల కాలేదు.

ఆ కాగితం మా పెద్దమ్మాయి పెండ్లి బయోడేటా. పిల్ల నర్సింగు చదివి హైదరాబాదులో పని చేస్తున్నది. సంబంధాలు చూసే పెద్దమనిషి ఒక నమూనా ఇచ్చారు. పేరు, పుట్టిన తేది, ఎత్తు, చదువు, తండ్రి వృత్తి, ఆ కింద తాత వృత్తి. తాత వృత్తి దగ్గర అయ్యగారు 'వ్యవసాయం' అని రాశారు. చేయి వణకలేదు. వణకడానికి అది మొదటిసారి కాదు. ముప్పై ఏళ్ళ కింద బైబిలు కళాశాల దరఖాస్తులోనూ తండ్రి వృత్తి అనే చోట అదే మాట రాశాం.

శనివారం ఇంటికొచ్చిన పిల్ల ఆ కాగితం చదివింది.

"డాడీ, తాత ఎవుసం ఎప్పుడు చేసిండు? చెప్పులు కుట్టిండు గదా."

"అందరూ అట్లనే రాస్తరు బిడ్డా."

"మనకు గుంట భూమి లేదు గదా. ఏడ చేసిండు ఎవుసం?"

జవాబు చెప్పలేదు. అమ్మగారు టీ పెట్టే పని కల్పించుకొని లోపలికి పోయారు. దాన్ని కూడా ఇక్కడ రాయమని ఆమే అంటున్నారు.

మా నాయన గురించి సంఘంలో పెద్దవాళ్ళకు తెలుసు, చిన్నవాళ్ళకు తెలియదు. మా ఊరు జహీరాబాదు నుండి బీదరు వైపు లోపలికి ఉంటుంది. ఊరి చివర మా ఇండ్లు, ఇండ్ల వెనుక లందలు. తంగేడు చెక్క, సున్నం, నానిన తోలు, ఆ వాసన. నాయన పటేండ్లకు కిర్రు చెప్పులు కుట్టేవారు, బావులకు మోట తొండాలు కుట్టేవారు, ఎడ్లకు వార్లు, మెడపట్టీలు చేసేవారు. డబ్బులు కాదు, పంట చేతికొచ్చినప్పుడు మేర ఇచ్చేవాళ్ళు. కళ్ళం దగ్గరికి పోయి దూరంగా నిలబడి తెచ్చుకోవాలి. తర్వాత బావులకు కరెంటు మోటార్లు వచ్చాయి, మోట పోయింది. రబ్బరు చెప్పులు వచ్చాయి, కిర్రు చెప్పులు పోయాయి. అప్పుడు నాయన ఒక కట్టె పెట్టె నెత్తిన పెట్టుకొని జహీరాబాదుకు వచ్చి, బొంబాయి రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్నారు. లారీ డ్రైవర్లు, బస్టాండుకు వచ్చేవాళ్ళు, చెరుకు బండ్లవాళ్ళు. తెగిన పట్టీకి ఇంత, అరిగిన మడమకు ఇంత. ఆ డబ్బుతోనే మేము చదివాం. ఆదివారం పొద్దున పెట్టెను పక్కనున్న హోటల్లో పెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొని గుడికి వచ్చేవారు. వెనుక వరుసలో కూర్చునేవారు. కొడుకు ప్రసంగం చేసే రోజున కూడా వెనుకే.

ఆయన పోయి పన్నెండేళ్ళు. పెట్టె మా ఇంట్లో సజ్జ మీద ఉంది.

ఇక ఇంకొక కుటుంబం సంగతి. మొన్న గ్రామీణ పాస్టర్ల కూడిక ఒకటి ఉంటే నర్సాపురం పోయాం. మన మెదకు వైపు నర్సాపూర్ కాదు, గోదావరి ఒడ్డు నర్సాపురం. హైదరాబాదులో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి కొబ్బరిచెట్లు. ఎర్రమట్టి, అల్లం చేన్లు, ఆలుగడ్డ చేన్లు చూసిన కండ్లకు అంత నీళ్ళు చూస్తే కొంచెం కుళ్ళు పుడుతుంది, దాచడం ఎందుకు. అక్కడి బ్రదరన్ సహవాసపు పెద్ద ఒకాయన మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచి, చేపల పులుసు వడ్డిస్తూ అడిగారు: "అయ్యగారూ, మా దేశానికి సువార్త తెచ్చినవాళ్ళు ఏం పని చేసేవాళ్ళో తెలుసాండి? ఒకాయన తాపీమేస్త్రీ, ఒకాయన చెప్పులు కుట్టేవాడండి."

అయ్యగారి ముద్ద చేతిలోనే ఆగింది.

ఇంటికి వచ్చాక దొరికినంత చదివాం. మీకు కూడా చెప్తాం.

ఇంగ్లండులో డెవన్ అనే జిల్లా ఉంది. అక్కడ టా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా బార్న్‌స్టేపుల్ అనే పాత పట్నం. 1832లో అక్కడి ఎబెనెజరు ప్రార్థనా మందిరానికి రాబర్ట్ చాప్‌మన్ అనే ఆయన కాపరిగా వచ్చారు. అంతకుముందు లండనులో వకీలు. ఆ వృత్తి వదిలి, బీదల వీధిలో చిన్న ఇల్లు తీసుకొని, వచ్చిన అతిథులను అందులోనే ఉంచుకునేవారు. రాత్రి బూట్లు గది బయట పెట్టండి అని చెప్పి, తెల్లారకముందే లేచి వాళ్ళందరి బూట్లు తానే తుడిచి మెరిపించేవారట. ఇది చదివినప్పుడు అమ్మగారు ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నారు. మన దగ్గర వకీలు సాబు ఒకరి బూట్లు ముట్టుకోవడం ఊహించండి.

ఆ సంఘంలో ఇద్దరు యువకులు ఉండేవారు. రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్. పేరు చూసి మన యువకులు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఆయన పేరు అదే.

వీళ్ళను ఇటు తెచ్చిన మనిషి ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఎక్సెటరులో పండ్ల డాక్టరు, మంచి సంపాదన. అది వదిలి 1829లో బాగ్దాదు వెళ్ళారు. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్య చనిపోయారు. 1833లో మన దేశం వచ్చి ఊళ్ళు తిరిగి, పనివాళ్ళ కోసం మళ్ళీ ఇంగ్లండు వెళ్ళారు. ఆయన నమ్మకం ఏమిటంటే, సువార్త చెప్పడానికి మిషను సంస్థ అక్కరలేదు, జీతం అక్కరలేదు, అభిషేకపు పట్టా అక్కరలేదు. పౌలు గుడారాలు కుట్టినట్టు చేతిపనివాడే పోవచ్చు. ఇప్పటికీ ఆ సహవాసాల్లో మనలాగా జీతపు పాస్టరు ఉండడు. ఈ మాట మా లాంటివాళ్ళకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా రాశాం.

ఇంకొక సంగతి. అంతకు కొన్నేళ్ళ ముందైతే వీళ్ళు రాగలిగేవారు కాదు. కంపెనీ అనుమతి చీటీ లేనిదే ఇంగ్లీషు మనిషి ఈ దేశంలో ఉండటానికి లేదు. 1833 చార్టరు చట్టంతో ఆ అడ్డు చాలావరకు పోయింది. సంస్థ లేదు, పలుకుబడి లేదు, చదువు అంతంతే. అలాంటి మేస్త్రీ, అలాంటి చెప్పులు కుట్టేవాడు 1836లో గ్రోవ్స్‌తో ఓడెక్కి మద్రాసులో దిగారు. సూయెజు కాలువ 1869 దాకా లేదు. ఆఫ్రికా అడుగంతా చుట్టి నెలల తరబడి ప్రయాణం.

ఆ రోజుల్లో అదే డెవన్ రేవుల నుండి వేరే ఓడలు పడమరకు పోయేవి. కమ్మరులు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్ళు పెండ్లాం పిల్లలతో అమెరికా ఖండానికి పోయి, అడవి కొట్టి, భూములు చేసుకున్నారు. అందులో తప్పు లేదు. మన సంఘం నుండి అమెరికా పోయిన ఒక తమ్ముడు ఈ మధ్య ఫోనులో చెప్పాడు, వాళ్ళ ఊళ్ళో అలాంటి ఇంటి మనుమలు తాత ముత్తాతల చరిత్ర వెదికి, ఫలానా ఆయన చెప్పులు కుట్టేవాడని తెలిస్తే సంబరపడి చట్టం కట్టించి గోడకు తగిలిస్తారట. ఇంటిపేర్లే పనుల పేర్లు. టేలరంటే దర్జీ, స్మిత్ అంటే కమ్మరి, మేసన్ అంటే తాపీమేస్త్రీ. శూమేకర్ అనే ఇంటిపేరు కూడా ఉందట. "అయ్యగారూ, ఇక్కడ ఎవరూ దాచరు" అన్నాడు. ఆ తమ్ముడి ఇంటిపేరు మాకు తెలుసు. అక్కడికి పోయాక దాన్ని ఒక్క అక్షరానికి కుదించుకున్నాడు. మేము అది గుర్తు చేయలేదు. బయోడేటా రాసినవాళ్ళం ఏ ముఖంతో గుర్తు చేస్తాం?

బీర్, బౌడెన్ మాత్రం తూర్పుకు వచ్చారు. మద్రాసు నుండి మచిలీపట్నం, అక్కడి నుండి గోదావరి పాయల్లోకి. బీర్ నర్సాపురంలో ఉండిపోయారు, బౌడెన్ పక్కనే పాలకొల్లులో. వాళ్ళు వచ్చిననాటి ఆ దేశాన్ని ఇప్పటి కోనసీమ సినిమా పాటల్లా ఊహించుకోకండి. వాళ్ళకు మూడు నాలుగేళ్ళ ముందే నందన కరువు. గోదావరి పక్కనే పారుతున్నా చేన్లకు నీళ్ళు లేవు. 1839లో తుఫాను వచ్చి కోరంగి రేవును ముంచేసింది. నర్సాపురం పక్కన మాధవాయపాలెం అని ఉంది. అక్కడి నేతగుడ్డ ఒకప్పుడు ఎంత పేరు పడిందంటే ఇంగ్లీషువాళ్ళు ఒక రకం తెల్లగుడ్డనే 'మాదపొల్లం' అని పిలిచారు. తర్వాత ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చి ఆ మగ్గాలు పడుకున్నాయి. ఒక దేశపు మిల్లులు చేతిపనివాళ్ళ నోటి దగ్గర కూడు తీసేసిన చోటికి, అదే దేశపు చేతిపనివాళ్ళు ఇద్దరు వచ్చి దిగారన్నమాట.

రాతి మేస్త్రీ వచ్చిన చోట రాయి లేదు. అంతా నల్లటి ఒండ్రుమట్టి. ఆర్థరు కాటను దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు అక్కడి కొండనే తవ్వి రాయి తీయాల్సి వచ్చింది. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ మరుసటి ఏడు, 1853లో, జార్జ్ బీర్ చనిపోయారు.

పదిహేడేళ్ళు. అంతే ఆయన పని. మొదట చాలాకాలం చెప్పుకోదగిన ఫలం లేదు. తెలుగు నేర్చుకోవడానికి బ్రౌను దొర నిఘంటువు కూడా ఇంకా రాలేదు, అది 1852లో వచ్చింది. చేతిలో తెలుగు కొత్త నిబంధన ఉంది, పూర్తి బైబిలు లేదు. వీళ్ళు వచ్చిన అయిదేళ్ళకు, 1841లో, మచిలీపట్నానికి ఇంకొక మిషను తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు వచ్చారు. ఒకరు కేంబ్రిడ్జిలో చదివినవారు, ఒకరు ఆక్సుఫర్డులో. నోబుల్ పేరు మీద కళాశాల ఉంది, పుస్తకాల్లో పేజీలు ఉన్నాయి. చెప్పులు కుట్టినాయనకు ఒకటి రెండు పేరాలు దక్కాయి.

కానీ కుటుంబం నిలిచింది. బీర్ పోయాక కొడుకులు తండ్రి పనిలోకి వచ్చారు. ఆ మట్టిలో పెరిగి, ఆ భాష ఆడుకుంటూ నేర్చిన పిల్లలు. బౌడెన్ అయితే దాదాపు నలభై ఏళ్ళు ఆ గోదావరి ఊళ్ళలోనే ఉన్నారు. గోదావరి డెల్టా మిషను అని తర్వాత పేరు పడింది ఈ రెండు ఇండ్ల పనికే. ఆ పేరుతో పెరిగిన సహవాసాలు ఇప్పుడు ఆ జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి.

ఇక్కడ అమ్మగారు ఆపి ఒక ప్రశ్న వేశారు. "ఇద్దరి ఆడవాళ్ళ సంగతేంది?"

ఇద్దరి పేరూ ఎలిజబెత్తే. కొత్త పెండ్లికూతుళ్ళుగా వచ్చినవాళ్ళు. పుస్తకాల్లో వాళ్ళకు భర్తలకన్నా తక్కువ చోటు. పిల్లల్ని కన్నారు, తుఫాన్లు చూశారు, ఒకామె భర్తను ఆ ఒడ్డునే పాతిపెట్టింది. అమ్మగారికి ఇది చాలలేదు. విలియం కేరీ భార్య డొరతీ సంగతి కూడా రాయమన్నారు. కేరీ కూడా చెప్పులు కుట్టినవాడే, బెంగాలు శ్రీరాంపూరుకు వచ్చి 1814లో మన తెలుగుకు వ్యాకరణం అచ్చు వేసినాయన. ఒకసారి పెద్దవాళ్ళ విందులో ఎవరో ఈయన బూట్లు తయారుచేసేవాడట కదా అని చిన్నబుచ్చబోతే, తయారుచేసేవాణ్ణి కూడా కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి అన్నారట. ఈ కథ మేమూ వేదికల మీద చాలాసార్లు చెప్పాం, జనం చప్పట్లు కొడతారు. డొరతీ కథ చెప్పలేదు. పెండ్లి పుస్తకంలో సంతకం పెట్టడం రాక గుర్తు పెట్టిన ఆడమనిషి. రానంటే రానని, చివరి గడియలో ఓడెక్కింది. 1794లో అయిదేళ్ళ కొడుకు పీటరు చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మతి చలించింది, 1807లో చనిపోయేదాకా తేరుకోలేదు. "అయ్యగార్లు పిలుపు విన్నరు. అమ్మగార్లను ఎవరైనా అడిగిన్రా?" అని మా అమ్మగారు. ఆమె టైపు చేస్తున్నారు గనుక ఈ పేరా తీసేసే అధికారం అయ్యగారికి లేదు.

ఇప్పుడు మమ్మల్ని రెండు వారాలు కుదురుగా ఉండనివ్వని సంగతి.

జార్జ్ బీర్ బార్న్‌స్టేపుల్లో చెప్పులు కుట్టేవాడు. నర్సాపురంలో దిగేసరికి బీర్ దొర. ఓడ దిగీ దిగగానే ఆయన వృత్తి ఆయన ఒంటి మీద నుండి రాలిపోయింది. తెల్లతోలు ముందు ఇంకే తోలూ ఎవరికీ కనబడదు. ఊరి కరణం, మునసబు ఆయన్ను కుర్చీ వేసి కూర్చోబెడతారు. అదే రోజు అదే ఊళ్ళో అవే చెప్పులు కుట్టే మన మనిషి అరుగు కింద, చెప్పులు చేతపట్టుకొని, పది అడుగుల దూరంలో నిలబడాలి. ఇద్దరి చేతిలోనూ ఆరె ఒకటే. దారం ఒకటే. ఇంగ్లండులో కూడా చెప్పులు కుట్టేవాడు బీదవాడే, పెద్దింటివాళ్ళు చిన్నచూపే చూస్తారు. కానీ ఆయన కొడుకు ఇంకో పని చేస్తే ఆ పేరు వెంట రాదు. బీర్ ఏడు సముద్రాలు దాటితే పోయింది. మేము మా ఊరి నుండి జహీరాబాదు దాటి, బైబిలు కళాశాల దాటి, తెల్లచొక్కా వేసుకొని, ముప్పై ఏళ్ళు బల్లారాధన చేసి కూడా ఒక కాగితం ముందు కూర్చుంటే పోలేదు. అందుకే 'వ్యవసాయం' అని రాశాం. పోనిదాన్ని రాసి పోగొట్టుకుందామని.

ఇది ఊరి తప్పే గానీ మా తప్పు కాదని కొందరు స్నేహితులు అంటారు. సగం నిజం. కళ్ళం దగ్గర నాయనను దూరంగా నిలబెట్టింది ఊరు. కాగితం మీద నుండి ఆయనను తుడిచింది మేము.

అపొస్తలుల కార్యములు తొమ్మిది, పది అధ్యాయాలు మీరు తెరిచి చూడండి. పేతురు యొప్పేలో చాలా దినాలు ఎవరింట్లో ఉన్నాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో. సముద్రం పక్కన ఇల్లు. తోళ్ళ పని ఊరి బయటే ఉండాలి, నీళ్ళ దగ్గర ఉండాలి. యూదులకూ అది అంటు పనే. ఈ భాగం మీద అయ్యగారు ఎన్ని ప్రసంగాలు చేశారో లెక్క లేదు. మిద్దె మీద దర్శనం, దుప్పటి, కొర్నేలీ, అన్నీ వచ్చాయి. సీమోను ఇంటి లందలు ఒక్కసారి రాలేదు. ఆ ఇంట్లో చాలా దినాలు ఉన్నవాడి బట్టలకు ఏ వాసన పడుతుందో ఈ సంఘంలో మాకన్నా ఎవరికి తెలుసు? ఏ నరుడినీ నిషిద్ధుడని అనకూడదని పేతురుకు తెలిసింది ఆ మిద్దె మీదే. ఆ వాసనలో కూర్చున్నప్పుడే. మేము సముద్రం చెప్పి తోలు వదిలేశాం, ఇన్నేళ్ళూ.

నర్సాపురం నుండి వచ్చిన వారానికి అమ్మగారు స్టూలు వేసుకొని సజ్జ మీది పెట్టె దింపారు. పన్నెండేళ్ళ దుమ్ము. లోపల మూడు కాళ్ళ ఇనుప దిమ్మె, తోలు కోసే రంపె, మైనం ముద్ద, సగం చుట్ట దారం, ఒక పిల్లల చెప్పు. ఒకటే, జత లేదు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదేమో. అడుగున గుడ్డలో చుట్టి ఆరె. పిడి మీద బొటనవేలు ఆనే చోట కట్టె గుంట పడింది. అయ్యగారి బొటనవేలు అందులో పెట్టి చూశారు. సరిపోలేదు, నాయన వేలు లావు. పిల్ల దాన్ని తీసుకొని ఎట్లా పట్టుకోవాలని అడిగింది. చూపిద్దామంటే అయ్యగారికి చేతకాలేదు. పట్టుకోవడం నాయన నేర్పలేదు. నేర్పమని అడిగితే, "నీకెందుకురా, నువ్వు పుస్తకం పట్టుకో" అనేవారు.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చొని కాగితం మళ్ళీ రాశాం. ఊరికే కాదు, వాదం జరిగింది. అమ్మగారి భయం వేరు: "మనం సత్యవంతులమైతం, సంబంధం తప్పితే బాధ పిల్లది." ఆ మాట తీసిపారేసేది కాదు. కన్నతల్లి మాట. పిల్లనే అడిగాం. "పెండ్లయినంక తెలిస్తే బాధ ఎవరిది?" అన్నది. తర్వాత కాసేపు ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. కరెంటు పోయి వచ్చింది.

మరునాడు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణంలో టైపు చేయించడానికి ముగ్గురం పోయాం. నాయన కూర్చున్న చెట్టు అక్కడికి నాలుగు అడుగులే. ఇప్పుడు చెట్టు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. దుకాణం అబ్బాయి తాత వృత్తి దగ్గరికి వచ్చి ఆగాడు.

"సార్, చర్మకారుడు అని కొట్టాల్నా? లేకపోతే ఇంగ్లీషులో లెదర్ వర్క్ అని కొడితే మంచిగుంటది."

అయ్యగారు నోరు తెరిచేలోపు పిల్ల చెప్పింది. "చెప్పులు కుట్టేవారు. అట్లనే కొట్టు అన్నా. పక్కన జహీరాబాదు బస్టాండు అని గూడ కొట్టు."

వాడు ఒకసారి తలెత్తి చూసి కొట్టాడు. అయిదు కాపీలు, పది రూపాయలు.

మూడు కాపీలు పంపాం. ఒక ఇంటివాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు. ఒకరు జాతకాలు కలవలేదన్నారు. క్రైస్తవుల ఇల్లే, జాతకాలేమిటో మాకు అర్థం కాలేదు. మూడో ఇంటినుండి అబ్బాయి నాయనమ్మ ఫోను చేసి, బస్టాండు కాడ వేపచెట్టు కింద కూర్చునే ముసలాయనేనా, నల్లగా ఉండి పాటలు పాడుకుంటుండే ఆయనేనా అని అడిగింది. అవునన్నాం. సరే, మా ఇంట్లో మాట్లాడి చెప్తా అన్నది. పెట్టేసే ముందు, తన చెప్పు ఒకటి ఆయన దగ్గర కుట్టడానికిచ్చి మరిచిపోయానేమో అనుకుంటా, శాన ఏండ్లయింది అన్నది.

పెట్టెలో ఉన్నది పిల్లల చెప్పు. ఆమెది కాదు. ఇప్పటికి తొమ్మిది రోజులైంది, ఫోను ఇంకా రాలేదు.